లాంఛనాల నమోదు కార్యాలయం నిర్వహణపై వినతిపత్రం

గౌరవనీయులైన కార్యవర్గ అధ్యక్షులు, కార్యదర్శి, కోశాధికారి, సభ్యులకు,

లాంఛనాల నమోదు కార్యాలయంలో స్వచ్ఛందంగా పనిచేస్తున్న సిబ్బంది నమస్కరించి సమర్పించుకునే విన్నపం.

విషయం: సభ్యుల పేర్లు, డాలు లాంఛనాల నమోదులో రాతపూర్వక కారణాలు, గడువులు, అప్పీలు పద్ధతి, రిజిస్టర్ భద్రత, నిధుల కేటాయింపు కోరడం గురించి.

అయ్యా, అమ్మా,

మనది 1600కు ముందటి ఐరోపా జీవితాన్ని మళ్లీ ఆడి చూపే సంఘం. ఇందులో చేరినవారు ఆ కాలానికి చెందిన ఒక పేరు పెట్టుకుంటారు. డాలు మీద, జెండా మీద వేసుకోవడానికి ఒక లాంఛనం ఎంచుకుంటారు. ఆ రెండూ మా కార్యాలయానికి వస్తాయి. ఆ పేరు ఆ కాలపు రాతల్లో నిజంగా కనిపిస్తుందా, ఆ లాంఛనం హెరాల్డ్రీ (డాలు లాంఛనాల విద్య) నియమాలకు లోబడి ఉందా, ఇప్పటికే నమోదైన మరొకరి లాంఛనంతోనో, చరిత్రలో పేరుమోసిన రాజవంశపు లాంఛనంతోనో కలిసిపోతుందా అని చూస్తాం. అన్నీ కుదిరితే రిజిస్టర్‌లో ఎక్కిస్తాం, కుదరకపోతే తిప్పి పంపుతాం. చెప్పడానికి నాలుగు మాటల పని. దాన్ని సక్రమంగా నడపడానికి ఏమేం కావాలో కార్యవర్గం ముందు ఒక్కచోట పెట్టడం ఇప్పటిదాకా జరగలేదు. ఈ వినతిపత్రం అందుకే.

సరదా కోసం పెట్టుకున్న సంఘంలో బొమ్మ డాళ్ల మీద ఇంత పట్టింపు ఎందుకన్న ప్రశ్న సమావేశాల్లో వినబడుతూనే ఉంది. అడగదగ్గ ప్రశ్నే, కనుక జవాబు కూడా రికార్డులో ఉండాలి. 12వ శతాబ్దంలో ఐరోపా యోధులు నిలువెల్లా ఇనుప కవచంలో మునిగిపోయాక, ఎదురుగా ఉన్నది మనవాడా పరాయివాడా అని తెలియజెప్పే భారం డాలు మీద పడింది. 1151లో చనిపోయిన ఆంజూ ప్రభువు జెఫ్రీ స్మారక ఫలకం ఫ్రాన్స్‌లోని ల మాన్ నగరంలో ఈనాటికీ ఉంది. దాని మీద ఆయన చేతిలోని పొడవాటి నీలం డాలు నిండా బంగారు సింహాలు. మన సంఘం పోటీల బరిలోనూ జరిగేది అదే. శిరస్త్రాణం మూసుకున్నాక సొంత అన్నదమ్ములైనా పోల్చుకోలేరు. ప్రకటన చేసే హెరాల్డ్ డాలు చూసే పేరు పిలుస్తాడు. ఒకే డాలు ఇద్దరి చేతిలో ఉంటే ఒకరి గెలుపు మరొకరి ఖాతాలోకి పోతుంది.

డబ్బు సంగతి కూడా ఉంది. నమోదు పత్రం చేతికి రాగానే సభ్యులు డాలుకు రంగులు వేయించుకుంటారు, కవచం మీద తొడిగే అంగీ కుట్టించుకుంటారు, జెండా నేయించుకుంటారు, కొందరు ముద్ర ఉంగరం కూడా చేయించుకుంటారు. ఆ తరువాత ఎప్పుడో ఇది మరొకరిదని తేలితే ఆ ఖర్చూ కష్టమూ నీళ్లపాలే. సంఘం పేరుతో ఇచ్చిన కాగితాన్ని నమ్మి చేసిన ఖర్చు కనుక, ఆ కాగితం సరైనదై ఉండాల్సిన బాధ్యత సంఘానిదే.

దీనికి పాత సాక్ష్యం ఒకటి మనవి చేసుకుంటాం. 1385లో ఇంగ్లండ్ రాజు రెండవ రిచర్డ్ స్కాట్లండ్ మీదికి దండెత్తినప్పుడు, ఒకే సేనలో ఇద్దరు యోధులు ఒకే లాంఛనంతో కనిపించారు: నీలం నేల మీద ఏటవాలుగా బంగారు పట్టీ. ఒకరు సర్ రిచర్డ్ స్క్రోప్, మరొకరు చెషైర్‌కు చెందిన సర్ రాబర్ట్ గ్రోవ్‌నర్. తగవు రాజు యోధ న్యాయస్థానానికి వెళ్లింది. వందల మంది సాక్ష్యం చెప్పారు. వాళ్లలో కవి జెఫ్రీ చాసర్ కూడా ఉన్నాడు. లండన్‌లోని ఫ్రైడే వీధిలో నడుస్తూ ఒక విడిది ముందు వేలాడుతున్న ఆ లాంఛనం చూసి, స్క్రోప్ గారు ఇక్కడ దిగారా అని అడిగాననీ, కాదు గ్రోవ్‌నర్ అనే ఆయనదని చెప్పారనీ, ఆ పేరు వినడం అదే మొదటిసారి అనీ ఆయన సాక్ష్యం. 1389లో తీర్పు స్క్రోప్ పక్షాన వచ్చింది. గ్రోవ్‌నర్ అదే లాంఛనానికి చుట్టూ వెండి అంచు చేర్చి వాడుకోవచ్చన్నారు. దాని మీద అప్పీలు వెళ్లగా, రక్తసంబంధం లేని ఇద్దరి మధ్య ఒట్టి అంచు తేడాగా చాలదని 1390లో రాజు తేల్చాడు. గ్రోవ్‌నర్ వంశం ఆ తరువాత నీలం నేల మీద బంగారు గోధుమ పనను లాంఛనంగా పెట్టుకుంది.

ఆ తీర్పు ఈనాటికీ మా బల్ల మీద పనికొస్తూనే ఉంది. ఈ మధ్య వచ్చిన ఒక దరఖాస్తు చూడండి. ఎర్రని నేల, దాని మీద వెనక కాళ్ల మీద లేచి నిలబడ్డ వెండి తోడేలు. ఎర్రది రంగు, వెండి లోహం, కనుక లోహం మీద లోహం, రంగు మీద రంగు వేయరాదన్న మూల నియమానికి ఇబ్బంది లేదు. బొమ్మ స్పష్టంగా ఉంది. పాళీ గీతలతో ఒకటి, రంగులతో ఒకటి, అడిగిన రెండు ప్రతులూ ఉన్నాయి. అయితే రిజిస్టర్ వెతికితే అదే నేల మీద అదే తోడేలు, చుట్టూ వెండి అంచుతో, మరో సభ్యుడి పేరిట కనిపించింది. మన నియమాల ప్రకారం రెండు స్పష్టమైన తేడాలు ఉండాలి, ఇక్కడ ఉన్నది ఒక్కటే. నేలను నిలువుగా చీల్చి సగం ఎరుపు, సగం నలుపు చేస్తే రెండో తేడా వచ్చేస్తుంది, తోడేలుకూ ఢోకా లేదు. దరఖాస్తుదారుకు ఆ సంగతి ఒక్క వాక్యంలో చెబితే మర్నాడే ఒప్పుకునేవాడు. కానీ ఇప్పుడున్న ఫారంలో ‘ఆమోదం’, ‘తిరస్కారం’ అని రెండు గళ్లు తప్ప మరో అక్షరానికి చోటు లేదు, విడిగా ఉత్తరం జత చేయడానికి నియమం లేదు. ఆ సభ్యుడికి వెళ్లింది తిరస్కారం అన్న గడిలో ఒక టిక్కు గుర్తు.

ఇలాంటి పరిశీలనకు కన్ను, ఓపిక, పుస్తకాలు కావాలి. ప్రింటర్‌లో తీసిన నీలం కొన్నాళ్లకు ఊదాగా మారిపోతుంది. నీలం, ఊదా రెండూ వేర్వేరు రంగులుగా లెక్కకొచ్చే ఈ విద్యలో అది చిన్న తేడా కాదు. అందుకే మేం స్కెచ్ పెన్నుతో చేత్తో వేసిన ప్రతినే అడుగుతాం. బొమ్మకన్నా ముఖ్యమైనది మాటల్లో రాసే వర్ణన. ‘అజ్యూర్, ఎ బెండ్ ఓర్’ అని ఆ నాలుగు మాటలు రాసిస్తే ఏ దేశపు చిత్రకారుడైనా స్క్రోప్ డాలునే గీస్తాడు. వర్ణనలో ఒక్క మాట పక్కకు పోతే వేరే డాలు తయారవుతుంది. రిజిస్టర్‌లో నిలిచేది వర్ణనే కనుక, ఆ వాక్యం మీద మేం పెట్టే సమయం దండగ కాదని మనవి.

ప్రస్తుతం ఈ పని జరుగుతున్న తీరు ఇది. సిబ్బంది కొద్దిమంది. కార్యాలయం అంటే వారి ఇళ్లలోని భోజనాల బల్లలు. మూల రిజిస్టర్ ఒక స్వచ్ఛంద సేవకుడి సొంత లాప్‌టాప్‌లో ఉంది. కాగితం ఖర్చు, తపాలా ఖర్చు, పుస్తకాల ఖర్చు ఎవరి జేబులోంచి వారివే. దరఖాస్తుకు సభ్యులు కట్టే రుసుము సంఘం సాధారణ నిధిలో కలిసిపోతుంది. గడువు లేదు, అప్పీలు లేదు. బిరుదులు, పదవులు ఉన్నవారు నచ్చిన ఫలితం కోసం నేరుగా ఫోన్ చేస్తారు, సామాన్య సభ్యుడు నెలల తరబడి ఎదురు చూస్తాడు. ఇందులో ఏ ఒక్కరినో తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. ముప్పై మందితో మొదలైనప్పుడు సరిపోయిన ఏర్పాటు, కుటుంబాలకు కుటుంబాలు చేరాక సరిపోవడం లేదు.

లోకంలో ఇలాంటి కార్యాలయాలు ఎలా నడుస్తున్నాయో కూడా పరిశీలించాం. లండన్‌లోని కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్‌కు 1484లో మూడవ రిచర్డ్ అధికార పత్రం ఇచ్చాడు. మరుసటి ఏడే రాజు మారడంతో హెరాల్డ్‌లు తమ భవనం పోగొట్టుకున్నారు, 1555లో గాని మళ్లీ కొత్త పత్రం, కొత్త ఇల్లు దక్కలేదు. రాజు దయ మీద ఆధారపడ్డ కార్యాలయం పరిస్థితి అలా ఉంటుంది. స్కాట్లండ్ మరో దారి పట్టింది. 1672 నాటి చట్టంతో అక్కడి ప్రధాన హెరాల్డ్ అయిన లార్డ్ లయన్ వద్ద అందరి లాంఛనాలకూ ఒకే బహిరంగ రిజిస్టర్ ఏర్పడింది, అది చట్టబలంతో ఇప్పటికీ నడుస్తోంది. కెనడా 1988లో సొంత హెరాల్డ్రీ సంస్థ పెట్టుకుని తన రిజిస్టర్‌ను ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచింది. మనలాంటి సంఘాల్లోకెల్లా పెద్దది, 1966లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో మొదలైన సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రనిజం. అక్కడ వచ్చిన ప్రతి పేరునూ లాంఛనాన్నీ చాలామంది హెరాల్డ్‌లు చదివి వ్యాఖ్యానిస్తారు. ఏది అంగీకరించారో, ఏది తిప్పి పంపారో, ఎందుకో నెలనెలా ప్రచురించే లేఖలో కారణాలతో రాస్తారు. అక్కడా పని చేసేది స్వచ్ఛంద సేవకులే. కనుక స్వచ్ఛంద సంఘానికి ఇంత క్రమం సాధ్యం కాదన్న మాట నిలవదు.

ఈ నేపథ్యంలో ఈ కింది కోరికలను కార్యవర్గం ముందు ఉంచుతున్నాం.

మొదటిది, తిప్పి పంపే ప్రతి దరఖాస్తుకూ కారణం రాసి ఇచ్చే అధికారం, బాధ్యత రెండూ మాకు నియమంగా ఇవ్వాలి. ఏ నియమం అడ్డొచ్చింది, ఏ నమోదుతో పోలిక వచ్చింది, ఏం మారిస్తే కుదురుతుంది అన్న మూడు విషయాలు ఆ లేఖలో ఉండాలి. పైన చెప్పిన తోడేలు ఒక ఉదాహరణ. అంతకన్నా సున్నితమైనది ఇంకొకటి ఉంది. తెలుగు కుటుంబం నుంచి వచ్చిన ఒక సభ్యురాలు తన డాలు మీద స్వస్తిక్ కోరారు. ఇంటి గడప మీద, పెళ్లి శుభలేఖ మీద, దీపావళినాడు తెరిచే కొత్త ఖాతా పుస్తకం మీద తాను చిన్ననాటి నుంచి చూసిన గుర్తు అది. దాన్ని నమోదు చేయరాదన్న నిర్ణయానికి మేం ఇప్పటికీ కట్టుబడి ఉన్నాం. 1920లో నాజీ పార్టీ దాన్ని తన చిహ్నం చేసుకున్న తరువాత, ఐరోపా బరిలో వంద అడుగుల దూరం నుంచి చూసేవారికి గడప మీది ముగ్గు గుర్తుకు రాదు. నాజీల చేతిలో అయినవారిని పోగొట్టుకున్న కుటుంబాలవాళ్లు కూడా ఆ బరి చుట్టూ కూర్చుంటారు. ఈ సంగతి ఆమెకు మర్యాదగా, వివరంగా, ఆమె సంప్రదాయాన్ని తక్కువ చేయకుండా చెప్పవలసి ఉంది. ఆమెకు అందిందీ ఒక టిక్కు గుర్తే. నిర్ణయం ఎంత సరైనదైనా కారణం లేకుండా వెళ్తే అవమానంగానే అందుతుంది.

ఈ కారణాలను నెలకొకసారి సంఘం పత్రికలో ప్రచురించాలి. వ్యక్తిగత వివరాలు అక్కర్లేదు. లాంఛనం, నిర్ణయం, కారణం చాలు. దానివల్ల రాబోయే దరఖాస్తుదారులు ముందే జాగ్రత్తపడతారు, ఒకే ప్రశ్నకు మేం రెండు రకాలుగా జవాబిచ్చే వీలూ ఉండదు.

రెండవది, గడువు. దరఖాస్తు అందిన 60 రోజుల్లో నిర్ణయం వెలువడాలి. పరిశోధన అవసరమైన పేర్లకు మరో 60 రోజులు తీసుకోవచ్చు, అయితే ఆ సంగతి మొదటి గడువు ముగిసేలోగా దరఖాస్తుదారుకు రాసి తెలపాలి. గడువు దాటితే నమోదు దానంతటదే జరిగిపోవాలని కొందరు సూచించారు. దాన్ని మేం అంగీకరించడం లేదు. అలా జరిగితే ముందే నమోదైన వేరొకరి హక్కు పోతుంది. గడువు దాటితే రుసుము తిరిగి చెల్లించాలి. తిప్పి పంపిన దరఖాస్తును ఏడాదిలోగా సవరించి పంపితే మళ్లీ రుసుము వసూలు చేయకూడదు.

మూడవది, ఈ వినతిపత్రంలో మేం అన్నిటికన్నా ముఖ్యంగా భావిస్తున్నది. నమోదు నిర్ణయంలో పదవులకు, బిరుదులకు జోక్యం ఉండకూడదు. పోటీలో గెలిచి ఆ ఏడాది సింహాసనం ఎక్కినవారైనా, కార్యవర్గ సభ్యులైనా, నిన్న చేరిన సభ్యుడైనా ఒకే ఫారం, ఒకే వరుస, ఒకే నియమం. తన స్నేహితుడికి ఫలానా సింహం ఇప్పించమని పెద్ద పదవిలో ఉన్నవారు అడిగినప్పుడు కాదనడం మాకు ఇబ్బంది. మేం కాదనలేకపోతే నష్టపోయేది అప్పటికే ఆ సింహాన్ని నమోదు చేసుకున్న సభ్యుడు. ఆయన ఆ ఫోన్ సంభాషణలో లేడు, తన పక్షాన మాట్లాడలేడు. రిజిస్టరే ఆయన తరఫున మాట్లాడాలి.

అలాగని మా నిర్ణయమే తుది నిర్ణయం కావాలని మేం అడగడం లేదు. మా నిర్ణయం నచ్చనివారికి దారి ఉండాలి, అది అందరికీ ఒకటే దారి కావాలి. కార్యవర్గం నియమించే ముగ్గురు సభ్యుల అప్పీలు సంఘం ఒకటి కోరుతున్నాం. వారిలో కనీసం ఒకరికి హెరాల్డ్రీలో పరిచయం ఉండాలి, మా కార్యాలయంలో పనిచేస్తున్నవారు ఎవరూ అందులో ఉండకూడదు. అప్పీలు రాతపూర్వకంగానే వెళ్లాలి, తీర్పు రాతపూర్వకంగానే రావాలి. తీర్పు మాకు వ్యతిరేకంగా వస్తే తలవంచి అమలు చేస్తాం. నోటిమాట నీటిమూట కనుక, సమావేశం మధ్యలోనో విందు బల్ల దగ్గరో ఎవరైనా చెప్పిన మాటను ఇకపై ఆదేశంగా తీసుకోం అని వినయంగా తెలియజేస్తున్నాం.

నాలుగవది, రిజిస్టర్ భద్రత. 1666లో లండన్ మహాగ్నిప్రమాదంలో కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ భవనం కాలి బూడిదైంది. పుస్తకాలు మాత్రం దక్కాయి, మంటలు చేరేలోగా వాటిని బయటికి తరలించారు కనుక. మన రిజిస్టర్‌కు మంటలు అక్కర్లేదు, ఒక కప్పు కాఫీ ఒలికితే చాలు. మూల ప్రతి సంఘం పేరిట, సంఘం ఆధీనంలోని కంప్యూటర్ ఖాతాలో ఉండాలి. ప్రతి మూడు నెలలకూ ముద్రించిన ఒక ప్రతి కార్యదర్శి దగ్గర, మరొకటి వేరే ఊరిలోని సభ్యుడి దగ్గర ఉండాలి. సంతకాలున్న పాత దరఖాస్తు కాగితాలు అట్టపెట్టెల్లో ఉన్నాయి. వాటిని స్కాన్ చేయించే వరకు చెమ్మ తగలని ఒక బీరువా కావాలి. మాలో ఎవరైనా పదవి దిగితే 30 రోజుల్లో ఫైళ్లన్నీ కొత్తవారికి రశీదుతో అప్పగించాలన్న నియమం కూడా చేర్చాలి. ఈ నియమం మమ్మల్నే కట్టేస్తుందని తెలిసే అడుగుతున్నాం.

ఐదవది, నిధులు. దరఖాస్తు రుసుమును విడిగా లెక్క రాసి, ముందుగా కార్యాలయం ఖర్చులకు వాడాలి. మిగిలితే సాధారణ నిధికి వెళ్లవచ్చు. ఖర్చులంటే కాగితం, ముద్రణ, తపాలా, స్కానింగ్, ఏటా కొద్ది పుస్తకాలు. జీతం మాట మేం ఎత్తడం లేదు. బ్రిటిష్ ప్రభుత్వం కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్‌లోని ఒక్కో హెరాల్డ్‌కు 19వ శతాబ్దంలో ఖాయం చేసిన వార్షిక జీతం 17 పౌండ్ల 80 పెన్నీలు, ఆ మొత్తం ఆ తరువాత పెంచలేదు. వారితో పోటీ పడే ఉద్దేశం మాకు లేదు. సొంత జేబులోంచి ఖర్చు పెట్టకుండా పని చేసుకోగలిగితే చాలు.

ఆరవది, ఐరోపా వెలుపలి పేర్లు, లాంఛనాల గురించి. ఇప్పటి నియమం పేరుకు ఐరోపా భాషల్లోని ఆధారాన్నే ఒప్పుకుంటుంది. కానీ 1600కు ముందటి ఐరోపా ఒంటరిగా బతకలేదు. 13వ శతాబ్దం చివర మార్కో పోలో తన యాత్రా వృత్తాంతంలో ముత్ఫిలి రాజ్యం గురించి, అక్కడ పాలిస్తున్న రాణి గురించి రాశాడు. అది మోటుపల్లి రేవు అనీ, ఆ రాణి కాకతీయ రుద్రమదేవి అనీ చరిత్రకారులు గుర్తించారు. విదేశీ వర్తకులకు అభయమిస్తూ అదే మోటుపల్లిలో గణపతిదేవుడు శాసనం వేయించింది 1244లో. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు దొమింగో పాయెస్, ఫెర్నావ్ నునిజ్ విజయనగరాన్ని కళ్లారా చూసి రాసిపెట్టారు. ఇటువంటి సంబంధం ఉన్నచోట అక్కడి పేరు పెట్టుకుంటానంటే కాదనడానికి హేతువు కనిపించదు.

ఆధారాలకు కొరత లేదు. పేర్లు రాతి మీదే ఉన్నాయి. రామప్ప గుడి శాసనంలో 1213 నాటి రేచర్ల రుద్రుడు, బయ్యారం చెరువు శాసనంలో గణపతిదేవుడి తోబుట్టువు మైలాంబ కనిపిస్తారు. తెలుగు శాసనాల సంపుటాలు అచ్చులో దొరుకుతున్నాయి. తేదీ, చోటు, పాఠం మూడూ చదివి సరిచూసుకోవచ్చు. ఇంగ్లండ్ పన్నుల జాబితాలో దొరికిన పేరుకు ఇంతకన్నా గట్టి ఆధారం ఉంటుందని మేం అనుకోవడం లేదు. లాంఛనాల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. చాళుక్యుల, కాకతీయుల వరాహ లాంఛనం రాజముద్ర. ఇంగ్లండ్ రాజు మూడు సింహాలను మనం ఎవరికీ ఇవ్వనట్టే ఆ వరాహాన్నీ ఉన్నదున్నట్టు ఎవరికీ ఇవ్వరాదు. తేడాలతో ఐరోపా పద్ధతిలో గీసిన అడవి పందిని ఇవ్వవచ్చు. అంటే ఇందులో మేం సడలింపు కోరడం లేదు. ఐరోపా సభ్యుడికి వర్తించే నియమమే, అంతే కచ్చితంగా, ఇతరులకూ వర్తించాలని కోరుతున్నాం.

ఏడవది చిన్నది. నియమాలు మారినప్పుడు పాత నమోదులు చెల్లుబాటులో ఉండాలి, దరఖాస్తును అది అందిన తేదీనాటి నియమంతోనే చూడాలి. లోహం మీద లోహం వేయరాదన్న నియమానికే జెరూసలేం రాజ్యం వెండి నేల మీది బంగారు సిలువలు ప్రసిద్ధమైన మినహాయింపుగా నిలిచాయి. మన సంఘం తొలినాళ్లలో నమోదైన కొన్ని డాళ్లు నేటి కొలతలకు నిలవవు. అయినా అవి వారివే. వాటిని తిరగదోడమని వచ్చే సూచనలను కార్యవర్గం ప్రోత్సహించవద్దని ప్రార్థన.

ఈ ఏడింటిలో మొదటి నాలుగూ పైసా ఖర్చు లేకుండానో, ఒక బీరువా ఖరీదుతోనో అమలయ్యేవి. ఐదవది సభ్యులు ఈ పని కోసమే కట్టిన డబ్బును ఈ పనికే వాడమని అడగడం. ఆరు, ఏడు నియమావళిలో చెరొక పేరా చేరిస్తే సరిపోతాయి. ముసాయిదా రాసి ఇవ్వడానికి మేం సిద్ధంగా ఉన్నాం. కార్యవర్గానికి వీటిలో ఏదైనా సమ్మతం కాకపోతే ఎందుకు కాదో రాసి తెలియజేయాలని కోరుతున్నాం. మేం దరఖాస్తుదారులకు ఇవ్వదలచుకున్న మర్యాదనే మీ నుంచి ఆశిస్తున్నాం.

ఈలోగా పని ఆపే ఆలోచన మాకు లేదు. వచ్చిన దరఖాస్తులు వచ్చినట్టే చూస్తాం. అయితే వచ్చే నెల మొదటి తేదీ నుంచి, ఫారంలో చోటు లేకపోయినా, తిప్పి పంపే ప్రతి దరఖాస్తుకూ ఒక చీటీ మీద కారణం రాసి జత చేస్తాం. దానికి అనుమతిని ఈ వినతిపత్రం ద్వారానే కోరుతున్నాం.

కాబట్టి, రాబోయే కార్యవర్గ సమావేశం ఎజెండాలో ఈ అంశాన్ని చేర్చి, మా ప్రతినిధులు ఇద్దరికి మాట్లాడే అవకాశం ఇచ్చి, సమావేశం ముగిసేలోగా మొదటి నాలుగు కోరికలపై తీర్మానం చేయవలసిందిగా ప్రార్థిస్తున్నాం.

ఇట్లు,
భవదీయులు,
లాంఛనాల నమోదు కార్యాలయం సిబ్బంది